దూరం ఒకటే, సమయాలు వేరెందుకు?

ప్రశ్న: లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లడానికి విమానంలో దాదాపు 8 గంటలు, తిరిగి రావడానికి 7 గంటలే పడుతుందంటారు. దూరం మారనప్పుడు ఈ తేడా ఎందుకు?

జవాబు: దూరం రెండు వైపులా సుమారు 5,550 కిలోమీటర్లే, తేడా అంతా గాలిది. దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే వేగవంతమైన గాలి ప్రవాహం, లండన్ వైపు వచ్చే విమానాన్ని వెనుక నుంచి తోస్తుంది, న్యూయార్క్ వెళ్లేదానికి ఎదురుగా వీస్తుంది. చలికాలంలో దీని ఉద్ధృతి మరీ ఎక్కువ. 2020 ఫిబ్రవరిలో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి 5 గంటలలోపే లండన్ చేరింది. అన్నట్టు, టికెట్టు మీద ఉండేవి స్థానిక సమయాలు. మధ్యాహ్నం 12కు లండన్‌లో బయలుదేరి, 3కు న్యూయార్క్‌లో దిగితే, ప్రయాణం 3 గంటలు కాదు. సాధారణంగా ఉండే 5 గంటల కాల వ్యత్యాసాన్ని కలిపితే 8 గంటలు.