నీలి డ్రాగన్‌కి ముందు చుక్కలు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నీలి డ్రాగన్ చిత్తుబొమ్మ చూశాను, అదే చైనావారు తూర్పు దిక్కు నక్షత్రాల్లో చూసుకున్న డ్రాగన్. గీతలో పట్టుంది. కానీ ముందు జంతువును గీసేసి, ఆ తర్వాత ఒంటినిండా చుక్కలు చల్లావు. ఆ వరస తిరగెయ్యి. ముందు నక్షత్రాల చుక్కలు పడాలి, వాటి మీదుగానే ఒళ్లు సాగాలి.

చైనావారి లెక్కలో చంద్రుడి మజిలీలు, అంటే మన నక్షత్రాల్లాంటివి, 28, దిక్కుకి ఏడు. తూర్పు డ్రాగన్‌కి వచ్చిన ఏడింటి పేర్లూ తెలుగులో చెప్పుకుంటే కొమ్ము, మెడ, వేరు, గది, గుండె, తోక, చేట. కొమ్ములో పెద్ద చుక్క మన చిత్త. గుండె నడుమ ఎర్రగా ఉండేది జ్యేష్ఠ. తోక దగ్గర మన మూల.

ఈ ఏడింటినీ సమానంగా పంచేశావు, బొమ్మ చెడింది అక్కడే. పాత కొలతలో ఆకాశం చుట్టూ 365¼ ‘దు’లు. అందులో డ్రాగన్ వాటా 75: కొమ్ముకి 12, మెడకి 9, వేరుకి 15, గదికి 5, గుండెకి 5, తోకకి 18, చేటకి 11. ఒక్కో దుకి 5 మిల్లీమీటర్లు పెట్టుకుంటే మొత్తం 37.5 సెంటీమీటర్లు. ఏ3 కాగితం అడ్డంగా పెడితే సరిపోతుంది. గుండెకి దక్కేది రెండున్నర సెంటీమీటర్లే, దాని మూడు చుక్కలూ ఆ ఇరుకులోనే పట్టాలి. తోకకి తొమ్మిది చుక్కలు, తొమ్మిది సెంటీమీటర్లు. ఛాతీ బిగిసి తోక బారుగా సాగడం ఈ కొలతల వల్లే. అందం కోసం సర్దకు.

కొలత కుడి అంచున చిత్త దగ్గర మొదలుపెట్టి ఎడమకి నడుపు. దక్షిణానికి తిరిగి నిలబడితే తూర్పు ఎడమ చేతివైపే కదా. నీ బొమ్మలో తల ఎడమకుంది, అలాగైతే తోక ముందు ఉదయిస్తుంది! చైనాలో రెండో చాంద్రమాసం రెండో రోజున డ్రాగన్ తల ఎత్తే పండగ చేస్తారు. ఆ రోజుల్లో పొద్దుగూకాక తూర్పున ముందు పైకొచ్చేది కొమ్మే.

చేట ఒంట్లో భాగం కాదు, ధాన్యం చెరిగే చేటే. పాతవాళ్లు దాన్ని గాలితో ముడిపెట్టారు. తోక విసురుకి లేచిన గాలిలా వెయ్యి, బాగుంటుంది.

చుక్కల్ని ఒకే సైజు సున్నాలుగా పెట్టి సన్నటి గీతతో కలుపు. మెరుపును బట్టి సైజు మార్చడం పాత చైనా నక్షత్ర పటాల పద్ధతి కాదు. 300 జీఎస్ఎం మందపు కాగితం మీద సున్నాలకి మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా కాచే ద్రవం) పెట్టి, అది ఆరాకే రంగు పరువు. కాగితం పూర్తిగా ఎండాకే ఫ్లూయిడ్ తియ్యి. తడిమీద లాగితే కాగితం పొర లేచి, చుక్క ఉండాల్సిన చోట బొచ్చు మిగులుతుంది. హెయిర్ డ్రయ్యర్ వద్దు, వేడికి ఫ్లూయిడ్ కాగితానికి అంటుకుపోతుంది.

నీలం అంటున్నాం గానీ అసలు మాట ‘చింగ్’, నీలానికీ పచ్చకీ నడిమి రంగు. మూడు పాళ్లు ఇండిగో నీలానికి ఒక పాలు గాంబోజ్ పసుపు కలిపి చూడు. రెక్కలు తీసెయ్యి. చైనాలో హాన్ వంశపు రాజుల కాలపు తరహా కావాలంటే కాలికి మూడు వేళ్లు చాలు, ఐదు వేస్తే చక్రవర్తి అంగీ మీది డ్రాగన్ అవుతుంది.

తర్వాత తెల్లపులి అన్నావు, అది పడమటి దిక్కుది. దాని వాటా 80 దులు, అందులో తలకి దక్కేది రెండే, మన మృగశిర దగ్గర. ఇదే కొలతన మొహం ఒక్క సెంటీమీటరులో ఇరుక్కుంటుంది. రెండు ఏ3లు పక్కపక్కన అతికించి, దుకి ఒక సెంటీమీటరు పెట్టుకో.