వెన్నెముక పక్కకు వంగితే బ్రేస్ నిజంగా పనిచేస్తుందా?

పన్నెండేళ్ల పాపకి స్కోలియోసిస్ (వెన్నెముక పక్కకు వంగడం) అని తేలింది, బ్రేస్ (నడుము, వీపు చుట్టూ బిగించే గట్టి కవచం) వేయమన్నారు, దానివల్ల ఫలితం ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. దీనికి గట్టి రుజువే ఉంది.

అమెరికా, కెనడాల్లో 10 నుంచి 15 ఏళ్ల పిల్లల మీద జరిపిన ‘బ్రెయిస్ట్’ అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. వాళ్లందరికీ వంపు 20 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంది. ఎదుగుదల ఆగేలోపు అది 50 డిగ్రీలకు చేరకపోతే గెలిచినట్టు లెక్క, ఎందుకంటే ఆపరేషన్ మాట సాధారణంగా అక్కడే వస్తుంది. బ్రేస్ వేసుకున్నవాళ్లలో 72 శాతం మంది, వేసుకోనివాళ్లలో 48 శాతం మంది ఆ గీత దాటలేదు. తేడా అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని ముందే ఆపేశారు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. బ్రేస్ లోపల వేడిని గుర్తించే చిన్న సెన్సర్ పెట్టి, పిల్లలు దాన్ని ఎన్ని గంటలు వేసుకున్నారో లెక్క తీశారు. రోజుకి సగటున 13 గంటలు, ఆపైన వేసుకున్నవాళ్లలో 90 శాతానికి పైగా గెలిచారు. ఆరు గంటలలోపే వేసుకున్నవాళ్లకి, అసలు వేసుకోనివాళ్లకి పెద్ద తేడా లేదు.

అయితే బ్రేస్ ఉన్న వంపుని శాశ్వతంగా సరిచేయదు, పెరగకుండా ఆపుతుంది, అంతే. పైగా ఆ 48 శాతం చూడండి: బ్రేస్ లేకపోయినా కొందరికి వంపు అంతగా పెరగదు. వాళ్లెవరో ముందే కచ్చితంగా చెప్పగలగడం మీదే ఇప్పటికీ పరిశోధన సాగుతోంది.

బరువైన స్కూల్ బ్యాగు, వంగి కూర్చోవడం దీనికి కారణమని రుజువు లేదు. దయచేసి పాపని తప్పుపట్టకండి.