ట్యాబ్‌లో 2 వేరు, కార్డ్ బొమ్మలో 2 వేరు

చిన్నా,

గిటార్ చేతికొచ్చి నెల కాలేదు, అప్పుడే ట్యాబ్ (తీగలను గీతలుగా గీసి, ఎక్కడ నొక్కాలో అంకెలతో రాసే కాగితం) తలకిందులుగా ఉందని గొడవ పెడుతున్నావట. నిజమేరా, అలాగే కనిపిస్తుంది. గిటార్ పట్టుకుని చూస్తే లావు తీగ నీ గడ్డం వైపు, సన్న తీగ నేల వైపు ఉంటాయి. ట్యాబ్‌లోని ఆరు గీతల్లో మాత్రం పైది సన్న తీగ, అంటే ఒకటోది. అట్టడుగుది లావుపాటి ఆరో తీగ.

ఓ పని చెయ్యి. గిటార్‌ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టు. ఇప్పుడు సన్న తీగ నీకు దూరంగా, లావు తీగ పొట్టకు దగ్గరగా ఉన్నాయి కదా? కాగితం మీద ఉన్నదీ అదే. 1507లో వెనిస్‌లో అచ్చయిన లూట్ (గిటార్ లాంటి పాతకాలపు తీగ వాయిద్యం) ట్యాబ్‌లో లావు తీగకే పై గీత ఇచ్చారు. అప్పుడు పుట్టుంటే నీకీ తిప్పలు ఉండేవి కావు.

గీతల మీద అంకెలు ఫ్రెట్ నంబర్లు. ఫ్రెట్లంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు. 0 అంటే ఏమీ నొక్కకుండా మీటాలి. ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పో. అంకెలు ఒకదాని కింద ఒకటి ఉంటే ఆ తీగలన్నీ ఒకేసారి మోగాలి.

కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుంపు, దానికి వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపేది కార్డ్ బొమ్మ. దీనికి చూపు మారుతుంది. ఈసారి గిటార్‌ని నీకెదురుగా గోడకు నిలబెట్టినట్టు అనుకో. నిలువు గీతలు తీగలు, ఎడమ చివరిది లావుది. అడ్డగీతలు ఫ్రెట్లు, అన్నిటికన్నా పైనున్న మందపాటి గీత నట్, అంటే మెడ పై చివర తీగలు ఆనే పట్టీ. ఆ మందపాటి గీత లేకుండా పక్కన 5 అని ఉంటే, బొమ్మ ఐదో ఫ్రెట్ దగ్గర మొదలైందని అర్థం. తీగ పైన సున్నా ఉంటే ఖాళీగా మోగించు, ఇంటూ గుర్తుంటే ఆ తీగ జోలికి పోకు.

అసలు తంటా నొక్కాల్సిన చోట పెట్టే చుక్కల్లోని అంకెలతోనే. అవి ఫ్రెట్లు కావు, ఎడమచేతి వేళ్లు. 1 చూపుడు వేలు, 2 మధ్య వేలు, 3 ఉంగరపు వేలు, 4 చిటికెన వేలు. సి కార్డ్‌తో మొదలుపెట్టినవాళ్లకు ఈ తేడా వెంటనే బయటపడదు. ఎందుకంటే అందులో మూడో ఫ్రెట్‌కు మూడో వేలు, రెండో ఫ్రెట్‌కు రెండోది, ఒకటో ఫ్రెట్‌కు ఒకటోది వాడతాం. తప్పు చదివినా సరిగ్గానే మోగుతుంది!

నేనూ అలాగే మోసపోయాను. తర్వాత ‘ఈ మైనర్’ (Em) కార్డ్ బొమ్మ చూశాను. ఐదో తీగ మీద 2, నాలుగో తీగ మీద 3. నిజానికి రెండు చుక్కలూ రెండో ఫ్రెట్‌లోనే ఉన్నాయి. నేను మాత్రం అంకె చూసి నాలుగో తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కాను. చెవులు గింగిర్లెత్తాయి. గిటార్ శ్రుతి తప్పిందనుకుని సాయంత్రమంతా బిరడాలు తిప్పుతూ కూర్చున్నాను. అదే కార్డ్ ట్యాబ్‌లో అయితే పైనుంచి కిందికి 0, 0, 0, 2, 2, 0 అని ఉంటుంది. ఫ్రెట్ కావాలంటే బొమ్మలో చుక్క ఎక్కడుందో చూడు, లోపలి అంకెను కాదు.

మిగతా గుర్తులు తేలికే. అంకెల మధ్య హెచ్ ఉంటే రెండో స్వరాన్ని మళ్లీ మీటకుండా వేలితో కొట్టి పలికించాలి, పి ఉంటే వేలు లాగి వదలాలి. ఏటవాలు గీత ఉంటే వేలు ఎత్తకుండా జరపాలి. బి అంటే తీగను వంచాలి, అది ఇప్పుడే వద్దు, వేళ్ల కొనలు కాస్త గట్టిపడనీ.

ఇంకో మాట. చాలా ట్యాబ్‌లలో ఏ స్వరం ఎంతసేపు ఆగాలో ఉండదు. పాట చెవిలో లేకపోతే అంకెలన్నీ సరిగ్గా వాయించినా అది ఏ పాటో నీకే తెలీదు. ముందు పాట నాలుగైదుసార్లు విను, తర్వాతే కాగితం తియ్యి.

ఈ ఉత్తరం వెనక ‘ఏ మైనర్’ (Am) కార్డ్ బొమ్మ గీశాను. దాన్ని ట్యాబ్‌గా మార్చి రాసి పంపు. ఆరో తీగ గీత మీద ఏం పెట్టావో ముందు అదే చూస్తాను.

మీ పెదనాన్న