హనుమకొండ నుంచి మేడారం: వారం రోజుల్లో సొంతంగా నడిచి వెళ్ళొచ్చా?

మీరు అడిగింది ఇది: భార్యాభర్తలు ఇద్దరే, ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీ లేకుండా, వారం సెలవు పెట్టుకొని హనుమకొండ నుంచి మేడారం సమ్మక్క సారక్క గద్దెల దాకా నడవాలని ఉంది. ఎక్కడ ఆగాలి, అడవిలో భయం లేదా, ఎప్పుడు వెళ్తే మంచిది?

వెళ్ళొచ్చు. నేను 2023 జనవరిలో, సంక్రాంతి అయిన తర్వాతి వారం, మా చిన్నమ్మ కూతురితో కలిసి నడిచాను. అప్పుడు నాకు నలభై ఆరు, చెల్లెకు ముప్పై తొమ్మిది. ఇద్దరం అంతకుముందు ఒక్కరోజులో పది కిలోమీటర్లు కూడా నడిచినవాళ్ళం కాదు. మా నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊరి నుంచి ఎడ్ల బండ్లు కట్టుకొని మేడారం పోయేవాళ్ళట. బియ్యం, పప్పు, గడ్డి, కోళ్ళు అన్నీ బండ్లోనే. చెరువు కనబడిన చోట బండి విడిచి, అక్కడే వండుకొని పడుకునేవాళ్ళట. ఆ మాటలు వింటూ పెరిగాను కాబట్టి ఎప్పటికైనా ఈ దారి కాళ్ళతో చూడాలని ఉండేది.

ముందు ఎప్పుడు వెళ్ళాలో చెప్తాను. జాతర రెండేళ్ళకోసారి, మాఘ పౌర్ణమికి నాలుగు రోజులు జరుగుతుంది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ (సారక్క అన్నా ఈమే) వస్తుంది, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది, శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం, అంటే తల్లులు తిరిగి అడవికి వెళ్ళడం. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. మొదటిసారి నడిచేవాళ్ళు ఆ నాలుగు రోజులూ పెట్టుకోవద్దని నా గట్టి సలహా. జాతరను అందరూ చూడాల్సిందే, కానీ దానికి బస్సులో వెళ్ళండి. ఆ వారం రోడ్డు నిండా బండ్లే, ఉండటానికి గది దొరకదు. జాతర లేని సంవత్సరం జనవరి, ఫిబ్రవరి నెలలు నడకకు చాలా బాగుంటాయి. పొద్దున చలి, మధ్యాహ్నం ఓర్చుకోగల ఎండ. మార్చి రెండో వారం దాటితే ఆలోచన మానుకోండి.

దూరం మొత్తం సుమారు నూరు కిలోమీటర్లు, రామప్ప గుడికి పక్కకు తిరిగితే ఇంకొంచెం. మేం ఆరు రోజులు నడిచి, ఒక రోజు ఆగాం.

చాలామంది అడవి గురించి టెన్షన్ పడతారు. నిజంగా కష్టం మొదటి రెండు రోజులే. హనుమకొండ నుంచి ములుగు దాకా యాభై కిలోమీటర్లు జాతీయ రహదారి 163 మీదే నడవాలి. గోదావరి వైపు నుంచి వచ్చే ఇసుక లారీలు, బస్సులు, కార్లు. నీడ తక్కువ. అందుకే కుడివైపు అంచున నడవండి, ఎదురుగా వచ్చే బండి మీకు కనబడాలి. తెల్లవారుతుండగానే మొదలుపెట్టి పదకొండుకల్లా ఆగిపోండి, మళ్ళీ నాలుగింటికి లేవండి. చీకటి పడ్డాక ఒక్క అడుగు కూడా వద్దు. ఆడవాళ్ళకు ఇంకో మాట: ఈ ముక్కలో పెట్రోల్ బంకులు ఎక్కడ కనబడితే అక్కడ బాత్రూం వాడుకోండి, అవసరం లేకపోయినా. మేం మొదటిరోజు మొహమాటపడి నీళ్ళు తాగడం తగ్గించాం, మధ్యాహ్నానికి చెల్లెకు కళ్ళు తిరిగాయి. ఓఆర్ఎస్ తాగించి, చింతచెట్టు కింద గంటసేపు పడుకోబెట్టాను. ఆ తప్పు మీరు చేయకండి.

మొదటిరోజు వేయిస్తంభాల గుడిలో దీపం పెట్టి బయల్దేరి ఆత్మకూరు దాకా, రెండోరోజు గూడెప్పాడ్ మీదుగా మల్లంపల్లి దాకా నడిచాం. ఈ రెండు ఊళ్ళలో బస వెతుక్కోవడం కన్నా మేలైన పద్ధతి ఒకటుంది. మొదటి రాత్రి ఆత్మకూరు నుంచి బస్సెక్కి హనుమకొండ వచ్చి పడుకున్నాం. పొద్దున మొదటి బస్సులో వెళ్ళి, నడక ఎక్కడ ఆపామో సరిగ్గా అక్కడే దిగాం. రెండో సాయంత్రం మల్లంపల్లి నుంచి ముందుకు బస్సులో ములుగు వెళ్ళి గది తీసుకొని, మూడోరోజు పొద్దున వెనక్కి వచ్చి మళ్ళీ నడిచాం. ఇట్లా చేస్తే మొక్కు చెల్లుతుందా అని చెల్లె బాధపడింది. మా మేనత్త ఫోన్లో ఒక్క మాటే అన్నది: "అడుగు విడవకుండా నడిస్తే చాలు బిడ్డా, ఏడ పండుకున్నవని తల్లి అడుగదు."

మూడోరోజు చిన్నది. మల్లంపల్లి, జాకారం దాటి ములుగు చేరకముందే గట్టమ్మ తల్లి వస్తుంది. మేడారం పోయే ప్రతి బండీ ఇక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టాకే కదులుతుంది. మీరూ ఆగండి. నడిచి వస్తున్నామని తెలిస్తే అక్కడి వాళ్ళు కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. మా బ్యాగులు ఒక్కొక్కటి ఎనిమిది కిలోలు ఉండేవి. ములుగులో చుట్టాల ఇంట్లో సగం సామాను వదిలేశాం. రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, టార్చి, నూనె, దూది, మందులు మాత్రమే ఉంచుకున్నాం. సంక్రాంతి సకినాలు మాత్రం వదల్లేదు. వారమైనా చెడవు, రెండు తింటే గంట నడవొచ్చు. సర్వపిండి రెండురోజులకే అయిపోయింది.

చెప్పుల సంగతి. కొందరు వట్టి కాళ్ళతో నడుస్తారు, అది వాళ్ళ మొక్కు. మీకు అట్లాంటి మొక్కు లేకపోతే ఆరునెలలు వాడిన బూట్లే వేసుకోండి, కొత్తవి కొనకండి. రాత్రి పడుకునేముందు వేళ్ళ మధ్య కొబ్బరినూనె, పొద్దున పొడి సాక్సులు. మడమ దగ్గర మంట మొదలైన నిమిషంలోనే ఆగి ప్లాస్టర్ వేయండి. ఇంకో కిలోమీటరే కదా అని నేను ఓర్చుకున్నాను, సాయంత్రానికి రూపాయి బిళ్ళంత పొక్కు లేచింది.

నాలుగోరోజు జంగాలపల్లి దగ్గర పెద్దరోడ్డు వదిలి ఎడమకు, రామప్ప వైపు తిరిగాం. మేడారానికి ఇది నేరుదారి కాదు, మానేయమని చాలామంది చెప్తారు. దయచేసి మానకండి. రెండు పక్కలా వరి నాట్లు, మిరప తోటలు, కల్లాల్లో ఆరబోసిన ఎర్ర మిర్చి. లారీల మోత లేకుండా నడవడం అంటే ఏమిటో అక్కడే తెలిసింది. పాలంపేట చేరేసరికి పొద్దు వాలుతోంది. గుడి ఎర్ర రాయి ఆ వెలుగులో ఇంకా ఎర్రగా ఉంది, పైకప్పు కింద వాలి నిలబడ్డ నల్లరాతి మదనికలు నూనె రాసినట్లు మెరుస్తున్నాయి. స్కూల్లో టూర్‌కు వచ్చినప్పుడు గంటలో చూసి వెళ్ళిపోయిన గుడి ఇదే. నాలుగురోజులు నడిచి వచ్చి ఆ మెట్ల మీద కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది.

గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడి కట్టించాడు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. పునాదిలో రాళ్ళకు బదులు ఇసుక నింపారని, ఆ ఇసుకలో బెల్లం, కరక్కాయ లాంటివి కలిపారని గైడ్ చెప్పాడు. బెల్లం మాట వినగానే చెల్లె నా వైపు చూసింది, ఎందుకంటే అప్పటికే మా బ్యాగుల్లో రెండు కిలోల బెల్లం ఉంది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఐదోరోజు అక్కడే ఆగాం. టూరిజం వాళ్ళ హరిత గదులు ఉన్నాయి, ముందే బుక్ చేసుకోండి. పొద్దంతా రామప్ప చెరువు కట్ట మీద కూర్చున్నాం. కాకతీయులు ఎక్కడ గుడి కడితే అక్కడ చెరువు తవ్వించి ఊరు నిలబెట్టారు. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ చెరువు కింద పొలాలు పారుతున్నాయి. ఆ కట్ట మీద నాకు ఒక ఆలోచన వచ్చింది, అది ఇప్పటికీ వదల్లేదు. మేడారం కథ మనందరికీ తెలుసు. కరువొచ్చి కోయలు కప్పం కట్టలేకపోతే ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చింది. సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు యుద్ధంలో పోయారు, ఓటమి భరించలేక కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకాడు, గాయాలతో సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి మాయమైంది. అంటే ఓరుగల్లు నుంచి మేడారం వైపు మనం నడిచే దిశ, ఆ సైన్యం నడిచిన దిశే. చెరువులు తవ్వించిన రాజుల నుంచి, నీళ్ళు లేక కప్పం కట్టలేని వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాం. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకొని మిగతా దారి నడవండి. బస్సులో మూడుగంటల్లో దిగితే ఇది తట్టదు.

ఇంకొకటి కూడా అక్కడే తెలిసింది. జాతరప్పుడు జంపన్న వాగులో భక్తుల స్నానాలకు లక్నవరం చెరువు నుంచి నీళ్ళు వదులుతారు. లక్నవరం కూడా కాకతీయుల చెరువే. ఆనాడు జంపన్న పోయిన వాగుకు ఈనాడు వాళ్ళ చెరువు నీళ్ళు పోతున్నాయి.

ఆరోరోజు రామప్ప నుంచి జంగాలపల్లి క్రాస్ దాకా ఆటో ఎక్కాం, నడిచిన ముక్కే కాబట్టి. అక్కడి నుంచి చల్వాయి, గోవిందరావుపేట మీదుగా పస్రా. సెలవు ఇంకో రోజు ఉంటే చల్వాయి దగ్గర పక్కకు తిరిగి లక్నవరం చూడండి. పస్రాలో మాకు ఇబ్బంది అయింది. ఫోన్లో ఒప్పుకున్న గది, చేరాక లేదన్నారు. పొద్దు పోతోంది. ఛాయ్ తాగుతూ కిరాణా కొట్టు ముందు కూర్చుంటే, కొట్టు నడిపే ఆమె సంగతి విని తన ఇంటికే తీసుకెళ్ళింది. వేడి నీళ్ళు పెట్టింది, పచ్చిపులుసుతో అన్నం పెట్టింది. పైసలు ముట్టుకోలేదు. పొద్దున వెళ్ళేటప్పుడు కిలో బెల్లం ముద్ద చేతిలో పెట్టి, "నా కొడుక్కు నౌకరి రావాలని మొక్కిన. ఈసారి పోలేకపోతున్న. నా పేరు చెప్పి వెయ్యవా అక్కా" అన్నది.

బెల్లం సంగతి ఇదే. మేడారంలో బెల్లాన్ని బంగారం అంటారు, తల్లికి సమర్పించేది అదే. నడిచి వెళ్తున్నారని తెలిస్తే దారిలో ఎవరో ఒకరు మీ చేతిలో బంగారమో, కొబ్బరికాయో, ఒడిబియ్యమో పెడతారు. బ్యాగులో చోటు ఉంచుకోండి. చిన్న నోటు పుస్తకం పెట్టుకొని ఎవరు ఏమిచ్చారో, ఏమి మొక్కారో రాసుకోండి. మా పుస్తకంలో చివరికి పదకొండు పేర్లు అయ్యాయి.

ఏడోరోజు పస్రా నుంచి నార్లాపూర్ మీదుగా మేడారం. అన్నిటికన్నా పొడుగైన రోజు. ఇదంతా ఏటూరునాగారం అభయారణ్యం వైపు అడవి. బాగా వెలుగొచ్చాకే కదలండి, రోడ్డు దిగి చెట్లలోకి వెళ్ళకండి. ఈ అడవుల్లో పులి జాడలు కనబడుతుంటాయి కాబట్టి ముందురోజు ఊళ్ళో వాళ్ళనో, అటవీశాఖ వాళ్ళనో అడిగి తెలుసుకోండి. వద్దంటే ఆ ముక్క బస్సెక్కండి, వాదించకండి. కోతులకు తినేవి చూపించకండి. మాకు నార్లాపూర్ దాటాక చాలాచోట్ల సిగ్నల్ పోయింది, ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. నీళ్ళు మనిషికి మూడు లీటర్లు.

భయపడ్డంత ఏమీ కాలేదు. ఆకులు రాలిన చప్పుడు, ఎక్కడో గొడ్ల మెడలో గంటలు, అంతే. తిరిగి వచ్చేటప్పుడు బస్సు తాడ్వాయి మీదుగా వచ్చింది, ఆ దారిలో చెట్లు రోడ్డు మీదికి గొడుగు పట్టినట్లు ఉండేవి. 2024 ఆగస్టు 31న వచ్చిన గాలివానకు తాడ్వాయి, మేడారం మధ్య వేల చెట్లు ఒక్క సాయంత్రంలో కూలిపోయాయి. తర్వాతి ఏడాది వెళ్ళినప్పుడు చూసి గుండె పట్టేసింది. మీరు తాడ్వాయి దారిలో నడిచేటట్లయితే పాత ఫోటోల్లో ఉన్నంత నీడ ఉంటుందని అనుకోకండి.

మేడారంలో రెండు మాటలు గుర్తుంచుకోండి. చిలకలగుట్ట పూజారులు మాత్రమే వెళ్ళే చోటు, కింద నుంచే దండం పెట్టుకోండి. కన్నెపల్లిలో సారలమ్మ గుడి దగ్గర కాసేపు కూర్చోండి, కానీ కోయల ఇళ్ళను, మనుషులను అడగకుండా ఫోటోలు తీయకండి.

మేం చేరేసరికి సాయంత్రం నాలుగయింది. జంపన్న వాగులో మోకాలి లోతు నీళ్ళు కూడా లేవు. పొక్కుల కాళ్ళు అందులో పెట్టుకొని చాలాసేపు నిలబడ్డాం. గద్దెల మీద విగ్రహం ఉండదు, వెదురు కర్రలు, పసుపు కుంకుమలు, బంగారం. చెల్లె నోటు పుస్తకం తెరిచి ఒక్కో పేరు చదివింది, నేను ఒక్కో ముద్ద పెట్టాను. పస్రా ఆమె పేరు చివర్లో వచ్చింది.

బస్సెక్కి సిగ్నల్ రాగానే ఆమెకే మొదట ఫోన్ చేశాను. హలో అనకముందే "అందిందా అక్కా?" అని అడిగింది. అందింది అని చెప్పాను.