పెద్ద కంపెనీ అయితే లంచం ఇవ్వదా?

ప్రశ్న: మాది చిన్న టౌన్‌లో కర్రీ పాయింట్. ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్ కోసం నాలుగుసార్లు తిరిగి, ఐదోసారి మూడు వేలు చేతిలో పెడితే మర్నాడే పనైంది. మా బావగారు హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో మేనేజరు. మొన్న పెళ్ళిలో పదిమంది ముందు, "మా దగ్గర ఇలాంటివి కుదరవు, ఏటా ఎథిక్స్ ట్రైనింగ్ ఉంటుంది, అవినీతిని పెంచేది మీలాంటి చిన్న వ్యాపారస్తులే" అన్నారు. పెద్ద కంపెనీలు నిజంగా అంత శుభ్రంగా ఉంటాయా?
– పేరు వేయొద్దన్న పాఠకుడు

జవాబు: మూడు వేలు ఇవ్వడం తప్పే, అందులో మిమ్మల్ని వెనకేసుకు రాను. కానీ మీ బావగారు ఉంటున్న ఊళ్లోనే 2009 జనవరి 7న ఏం జరిగిందో ఆయనకు తెలియకుండా ఉండదు. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరం ఆ రోజు బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఆయనే రాశారు. అంతకుముందు సెప్టెంబర్‌తో ముగిసిన మూడు నెలలకు 2,700 కోట్ల ఆదాయం, దాని మీద 649 కోట్ల నిర్వహణ లాభం అని ప్రకటించారు. నిజానికి ఆదాయం 2,112 కోట్లు, లాభం 61 కోట్లు. మీ లెక్కలో చెప్పాలంటే, వంద రూపాయల కూరమ్మితే మూడు మిగిలే కొట్టువాడు ఇరవై నాలుగు మిగిలాయని ఊరంతా చెప్పుకుని, ఆ మాట మీద షేర్లు అమ్మడం.

ట్రైనింగ్‌లు లేక జరిగిందా అది? అదే కంపెనీకి 2008లోనే కార్పొరేట్ గవర్నెన్స్‌కని గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు, తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి. బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్, ఐఎస్‌బీ అనే బిజినెస్ స్కూల్ డీన్, కేంద్రంలో కేబినెట్ సెక్రటరీగా చేసి రిటైరైన ఆయన ఉన్నారు. ఇంతమంది కూర్చున్న బోర్డు, 2008 డిసెంబర్ 16న, ఛైర్మన్ కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లు పెట్టి కొనడానికి సరేనంది. అప్పటికి సత్యంలో ఆ కుటుంబం వాటా నూటికి పది కూడా లేదు! సొమ్ము తొంభై మందిది, నిర్ణయం ఒక్క ఇంటిది. ఆపింది ఎవరంటే, న్యూయార్క్ మార్కెట్‌లో ఆ రాత్రే షేర్లు తెగనమ్మేసిన ఇన్వెస్టర్లు. గంటల్లోనే కొనుగోలు రద్దయింది.

లంచం సంగతి కూడా అడిగారు కదా. అదే డిసెంబర్‌లో ఇంకో కబురు తెలిసింది: ప్రపంచ బ్యాంకు సత్యాన్ని ఎనిమిదేళ్లపాటు తన పనులకు దూరంగా పెట్టింది. కారణం, బ్యాంకు సిబ్బందికి అనుచిత లబ్ధి చేకూర్చడం. మీరు చేసిందీ ఆ జాతి పనే, మీది చిల్లర.

కాబట్టి పెద్దవాళ్లు మంచివాళ్లా, చిన్నవాళ్లు మంచివాళ్లా అని పోల్చడం దండగ అని నా అభిప్రాయం. సైజును బట్టి మారేది మనిషి బుద్ధి కాదు, ఆగగలిగే శక్తి. మీరు ఆగలేరు. వారం రోజులు షట్టర్ దించితే తెచ్చిన వంకాయలు కుళ్ళిపోతాయి, వంటమాస్టర్ పక్క కొట్టుకు పోతాడు, అద్దె మాత్రం ఆగదు, ఆ సంగతి కౌంటర్ అవతల కూర్చున్నవాడికి మీకన్నా బాగా తెలుసు, అందుకే నాలుగుసార్లు తిప్పాడు. పెద్ద కంపెనీ ఆగగలదు, వకీలును పంపగలదు, మీదవాళ్లకు ఫోన్ చేయించగలదు. అయినా తొందరగా కావాలంటే లైజనింగ్ ఏజెంట్‌ని పెట్టుకుంటుంది. అతను బిల్లు వేస్తాడు, "కన్సల్టెన్సీ చార్జీలు" అని, జీఎస్టీతో సహా. అందులో ఎవరికెంత పోయిందో బిల్లులో ఉండదు, అడిగేవాడూ ఉండడు. అన్ని కంపెనీలూ ఇంతేనని అనను, నికార్సుగా నడిచేవి ఉన్నాయి, నేను చూశాను. కానీ మేనేజరుగారి చేతికి తడి అంటలేదంటే, ఆ తడి అంటించుకునే పని ఇంకెవరికైనా కాంట్రాక్టుకిచ్చారేమో ఒకసారి అకౌంట్స్ వాళ్లను అడగమనండి.

ఇంకా పెద్దవాళ్ల దగ్గరికి వెళ్తే లంచం అన్న మాటే అక్కర్లేదు, రూలే మారుతుంది. ఒకప్పుడు కంపెనీలు పార్టీలకు ఇచ్చే విరాళం గత మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం దాటకూడదు. 2017లో ఆ పరిమితి ఎత్తేశారు, తర్వాతి ఏడాది ఎలక్టోరల్ బాండ్లు (బ్యాంకులో కొని పార్టీకి విరాళంగా ఇచ్చే పత్రాలు) అమ్మకానికొచ్చాయి, నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా కోట్లు ఇవ్వొచ్చు, ఎవరు ఎవరికిచ్చారో మనకు తెలియదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అదంతా చట్టబద్ధమే. మీ మూడు వేలకు ఆ సౌకర్యం లేదు మరి.

ప్రశ్న: పెద్ద కంపెనీలకు పెద్ద ఆడిటర్లే ఉంటారు కదండీ. బ్యాంకులో లేని డబ్బు ఉందని చూపిస్తే ఏళ్ల తరబడి ఎలా తెలియకుండా పోతుంది?
– బీకాం ఫైనలియర్ విద్యార్థిని, వరంగల్

జవాబు: అమ్మా, నేను ఆడిటర్ దగ్గర ఆర్టికల్స్, అంటే సీఏ శిక్షణ, చేస్తున్న రోజుల్లో మా సారు నన్నొక రైస్‌మిల్లుకు స్టాక్ చూడమని పంపారు. గోడౌన్‌లో బస్తాలు తాటిచెట్టంత ఎత్తు పేర్చి ఉన్నాయి. ఓనరు కూల్‌డ్రింకు తెప్పించి, "ఎండన పడొచ్చారు, ముందు వరస లెక్కేసుకుని లోపలికి ఎన్ని వరసలున్నాయో గుణించేసుకోండి బాబూ" అన్నాడు. నేనూ అలాగే చేద్దామనుకున్నా. మిల్లు గుమస్తా ఒకాయన, ఏం కోపమో ఓనరు మీద, బస్తాలోకి గుచ్చి గింజలు తీసే ఇనప గొట్టం మాటాడకుండా నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. పైకెక్కి మూడో వరస బస్తాలో గుచ్చితే గొట్టంలోకి ఊక వచ్చింది. నాలుగో వరసలోనూ ఊకే.

సత్యంలో ఆ గొట్టం పని చేయాల్సింది బ్యాంకుకు రాసే ఉత్తరం. పద్ధతి ఏమిటంటే, ఫలానా తేదీకి ఈ కంపెనీ ఖాతాలో ఎంత ఉందని ఆడిటరే బ్యాంకును అడగాలి, జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలి, మధ్యలో కంపెనీ చెయ్యి పడకూడదు. అక్కడ ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు తేవడం కంపెనీ వాళ్లకే వదిలేశారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 2011లో ఇచ్చిన ఉత్తర్వులో తప్పుపట్టింది. అంటే ముందు వరస లెక్కేసి గుణించుకున్నారు.

ఎందుకలా అంటే, ఇక్కడే సైజు పనిచేస్తుంది. రైస్‌మిల్లు పోతే మా సారుకి పెద్ద నష్టం లేదు, పోతే పోయిందన్నారు. పెద్ద క్లయింట్ పోతే ఆఫీసు జీతాల లెక్కే మారిపోతుంది, పైగా అంత పేరున్న మనిషిని "మీ డబ్బు నిజంగా ఉందా" అని అడగడానికి కుర్ర ఆడిటర్‌కి నోరు రాదు. ఆ గుమస్తా లేకపోతే నాకూ వచ్చేది కాదు, నిజం చెప్తున్నా. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుతో సహా పదిమందికి ఏడేళ్ల జైలు వేసింది, ఆ పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు. దాదాపు నెలకే అప్పీల్‌లో బెయిల్ కూడా వచ్చింది. ఈలోగా 2013 కంపెనీల చట్టంలో ఆడిట్ సంస్థను పదేళ్లకోసారి మార్చాలన్న రూలు పెట్టారు, నీ పరీక్షలో వస్తుంది, చదువుకో.

ప్రశ్న: మాది ఫ్యాన్సీ స్టోర్. షాపు బోర్డు కోసమని మామూలు అడుగుతున్నారు. ఇచ్చినా నేరమేనటగా, చచ్చే టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: నిజమేనండీ. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్లకూ ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేయాలి, చేస్తే నేరం కాదు. (మొదటి ప్రశ్న రాసినాయనా, మీరు ఏ రోజు ఇచ్చారో ఉత్తరంలో లేదు, వెంటనే క్యాలెండర్ చూసుకోండి.) ఇవ్వకముందే అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీ) 1064కి ఫోన్ చేయడం ఇంకా నయం. వాళ్లు నోట్ల నంబర్లు రాసుకుని, నోట్లకు ఫినాల్ఫ్తలీన్ పొడి రాసి ఇస్తారు. పొడి కంటికి కనపడదు. తీసుకున్నాయన వేళ్లు సోడా ద్రావణంలో ముంచగానే నీళ్లు గులాబీ రంగుకు మారతాయి.

అలాగని మీ బోర్డు ఫైలు మర్నాడే కదులుతుందని నేను చెప్పను, కొన్నాళ్లు ఇబ్బంది పెట్టొచ్చు కూడా. దరఖాస్తు పెట్టినట్టు రసీదు, ఎవరు ఏ రోజు ఎంత అడిగారో రాసుకున్న కాగితం చేతిలో పెట్టుకుని ఫోన్ చేయండి.