కట్టెల వ్యాపారమా? ముందు ఎండు లెక్క చూసుకోండి

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా ఖర్చులకు ఇంట్లో అడగకుండా, తీరిక వేళల్లో వంటచెరకు అమ్మాలనుకుంటున్నాను. పెరట్లో స్థలం ఉంది. దుంగలు కొని, చీల్చి అమ్మితే గిట్టుబాటవుతుందా? చదువు దెబ్బతింటుందని నాన్నకు టెన్షన్.

జవాబు: గిట్టుబాటవుతుంది, కానీ పచ్చి దుంగలతో మొదలుపెడితే ఈ ఏడాది డబ్బు కళ్లజూడటం కష్టం. కొనడం, చీల్చడం, అమ్మడం అని రాశారు. మధ్యలో ఎండబెట్టడం ఉంది. లాభమైనా నష్టమైనా తేలేది అక్కడే.

అప్పుడే నరికిన చెట్టు బరువులో దాదాపు సగం నీళ్లే. కట్టె పొగ లేకుండా మండాలంటే తేమ 20 శాతం లోపుకు దిగాలి. వెయ్యి కిలోల పచ్చి దుంగలు కొన్నారనుకుందాం. అందులో అసలు కర్ర 500 కిలోలు. తేమ 20 శాతానికి వచ్చేసరికి తూకంలో మిగిలేది 625 కిలోలు. అంటే అమ్మే నాటికి మీ కొనుగోలు ధరే కిలోకు 1.6 రెట్లయింది. రవాణా, కూలి, రంపపు పొట్టు కింద పోయేది అదనం. పచ్చి ధర మీద నాలుగు రాళ్లు వేసుకుని అమ్మేస్తే కష్టమంతా గాలికి ఆవిరైనట్టే.

చీల్చి పేర్చాక ఎండటానికి మామూలుగా ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, చేవగల గట్టి కర్రకు ఇంకా ఎక్కువ. డబ్బంతా అన్నాళ్లూ కట్టెల్లోనే ఇరుక్కుంటుంది కాబట్టి అప్పు చేసి మాత్రం దిగకండి.

పేర్చడంలో చాలామంది చేసే పొరపాటు, కుప్పను నాలుగువైపులా టార్పాలిన్‌తో చుట్టేయడం. లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. అడుగున అడ్డకర్రలు వేసి నేలకు తగలకుండా పేర్చండి, పైన మాత్రమే కప్పండి, పక్కల నుంచి గాలి ఆడనివ్వండి. ఎండిన కట్టె చివర్లు పగుళ్లిస్తాయి, రెండు ముక్కలు తాటిస్తే ఖంగుమంటాయి. తేమ మీటర్ కొంటే ముక్కను చీల్చి లోపలి వైపు పెట్టి చూడండి. పైపైన చూస్తే పచ్చి కట్టె కూడా ఎండినట్టే కనిపిస్తుంది. రంగు వేసిన, మందు పట్టించిన పాత కలప చవకగా దొరికినా తీసుకోవద్దు, ఆ పొగ విషం.

మీ నాన్నగారి భయం సంగతి. కోత, పేర్పు సెలవుల్లో ముగించుకుంటే కట్టెలు ఎండుతున్నంతకాలం మీరు చదువుకోవచ్చు. నా లెక్కలో చదువును తినేది డెలివరీ. కట్టెలు అయిపోయినవాళ్లు మీకు పరీక్ష ఉందో లేదో చూడరు, ఫోన్ చేస్తారు. వారానికి రెండు రోజులే సరఫరా అని మొదటి రోజే చెప్పేయండి. ఇక మెషిన్ రంపం మీరు పట్టకండి. కోతకు అలవాటున్న మనిషిని పెట్టుకోండి. అది ఎదురుతన్నిందంటే ప్రాణం మీదికొస్తుంది. చెట్లు కొట్టడానికి, కలప తరలించడానికి చాలా చోట్ల అనుమతి కావాలి. రసీదు ఇవ్వని సరుకు ముట్టుకోవద్దు.

ఈ ఏడాదే ఖర్చులు వెళ్లాలంటే అడితిలో ఎండిన కట్టెలు టోకున తెచ్చి, చిన్న మోపులు కట్టి అమ్మండి. మిగిలేది కొంచెమే అయినా, ఎవరు కొంటున్నారో, ఏ నెలల్లో గిరాకీ ఉంటుందో తెలిసిపోతుంది. పచ్చి దుంగలు ఎన్ని కొనాలో దాన్నిబట్టే తేల్చుకోండి.