జిజ్ఞాస: ఈస్ట్ కణానికి తన కొలత ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: ఎంత పెరిగాక రెండుగా చీలాలో ఈస్ట్ కణానికి ఎలా తెలుస్తుంది? లోపల కొలబద్ద ఏమీ ఉండదు కదా!
– ఇంటర్ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఉంటుంది, కాకపోతే అది ప్రొటీన్ల లెక్క. దీన్ని పట్టిచ్చింది ముఖ్యంగా షైజోశాకరోమైసిస్ పాంబే అనే ఈస్ట్. తూర్పు ఆఫ్రికా చిరుధాన్యాల బీరులో దొరికింది. స్వాహిలీలో 'పొంబే' అంటే బీరే. రొట్టెల ఈస్ట్‌లా ఇది మొగ్గ (తల్లి కణం మీద ఉబ్బి వచ్చే పిల్ల కణం) తొడగదు. లావెక్కకుండా కడ్డీలా పొడవు మాత్రమే సాగి, సుమారు 14 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చేరాక నడిమికి తెగుతుంది. అంటే పొడవు చూస్తే చాలు, కణం ఏ దశలో ఉందో చెప్పేయొచ్చు.

విభజనను మొదలుపెట్టే ఎంజైమ్ సీడీసీ2. దానికి వీ1 అనే ఇంకో ఎంజైమ్ ఫాస్ఫేట్ తగిలించి పని ఆపుతుంది. సీడీసీ25 అనే మరో ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీస్తుంది. కణం పెరిగేకొద్దీ సీడీసీ25 గాఢత పెరిగి, ఒక దశలో వీ1ను మించిపోతుంది. వీ1 చెడితే కణాలు దాదాపు సగం సైజులోనే తెగిపోతాయి. 1970లలో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పాల్ నర్స్ అనే శాస్త్రవేత్త గమనించినవి ఇలాంటి చిట్టి కణాలనే. పేరూ అలాగే వచ్చింది: స్కాట్లాండ్‌లో 'వీ' అంటే బుల్లి. సీడీసీ25 చెడితే కథ తిరగబడుతుంది. వేడికి పాడయ్యే రకాన్ని 25 డిగ్రీల నుంచి 36కు మారిస్తే కణాలు చీలకుండా సాగిపోతూనే ఉంటాయి. సీడీసీ2 చెడిన ఈస్ట్‌ను మనిషిలో దానికి సాటి అయిన జన్యువు ఆదుకోగలదని 1987లో తేలింది. ఇదంతా ఈస్ట్ గొడవే అనుకోవద్దని చెప్పడానికి అదొక్కటి చాలు.

ప్రశ్న: ల్యాబ్‌లో రొట్టెల ఈస్ట్‌ను చూపిస్తే పిల్లలకు మొగ్గలే కనబడలేదు. ఎందుకు?
– జీవశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి

జవాబు: పొడిని నీళ్లలో కలిపి వెంటనే చూసి ఉంటారు. ఆకలితో ఉన్న కణం మొగ్గ తొడగకముందే ఆగిపోతుంది. ఒట్టి చక్కెర నీళ్లూ చాలవు, నత్రజని కావాలి. 100 మి.లీ. నీటికి 1 గ్రాము ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 2 గ్రాముల పెప్టోన్ (ముక్కలైన ప్రొటీన్ల పొడి), 2 గ్రాముల గ్లూకోజ్ కలిపి, మరిగించి చల్లార్చి, చిటికెడు ఈస్ట్ వేసి 30 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉంచండి. తేరుకున్న కణాలు దాదాపు గంటన్నరకోసారి రెట్టింపవుతాయి. చుక్కను బాగా పలచన చేసి 400 రెట్లలో చూడండి. అతుక్కున్న రెండు కణాలను మొగ్గ అనుకోవడం మామూలే. కవర్ స్లిప్‌ను మెల్లగా తడితే అవి చాలావరకు విడిపోతాయి, మొగ్గ విడిపోదు. మిథిలిన్ బ్లూ అనే రంగు వేస్తే నీలంగా మారేవి చచ్చిన కణాలు. అన్నీ నీలమైతే ద్రావణం చల్లారకముందే ఈస్ట్ వేసి ఉండొచ్చు.